నలుగురంటే ఎంతమంది

నేను బడి మానేసిన రోజున మా మేష్టారు ఆనందం పట్టలేక క్లాసుకంతా ఒక పూట శెలవిచ్చేశారని ఏలూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆయన ఇచ్చింది గంట శెలవు. ఆ గంట కూడా, కిటికీ పక్కన నేను ఖాళీ చేసిన చోటు కోసం పిల్లలు కొట్టుకోవడంతోనే సరిపోయింది.

మూడో ఫారం గట్టెక్కనివాణ్ణి తీసుకెళ్లి ఒక మద్రాసు కాలేజీ మేష్టారి పక్కన కూర్చోబెట్టి, ఊళ్లవాళ్లు చెప్పేదంతా కాగితం మీద పెట్టమన్నారంటే అది వాళ్ల అవసరం గాని నా గొప్ప కాదు. కొల్లేటి మధ్యలో ఒక లంక ఉంది. అది మా అమ్మ పుట్టిల్లు, నేను పుట్టిందీ అక్కడే. పడవ ఏ రేవులో ఆపాలో, ఎవరింటి కుక్క కరుస్తుందో, ఎవరింట్లో చేపల పులుసు బాగుంటుందో నాకు తెలుసు. నా అర్హత అంతే.

ఇది పందొమ్మిదివందల ముప్పైలు సగం గడిచాక జరిగింది. ఏలూరులో ఒక సేవా సంఘం ఉండేది. కొల్లేటి ఆడవాళ్లకి కాన్పులు చూడటానికి ఒక నర్సమ్మను పెట్టాలని వాళ్లు నిశ్చయించారు. ఒక్క నర్సమ్మనే పెట్టగలరు. ఎక్కడ పెట్టాలన్నదే తగవు. దెందులూరు దాటి కొల్లేటి వైపు దిగితే గట్టు మీద ఒక ఊరుంది, అక్కడా? లేక ఆ గట్టు నుంచి మూడు గంటల పడవ ప్రయాణంలో ఉన్న మా లంకలోనా? వానాకాలం వచ్చిందంటే లంక చుట్టూ నీళ్లే. కాన్పు కష్టమైతే, గాలి బాగుంటే మండవల్లి వైపు, బాగులేకపోతే ఏలూరు వైపు పడవ తియ్యాలి. వెళ్లేటప్పుడు ఎంతమంది వెళ్లారో, తిరిగొచ్చేటప్పుడు అంతమంది రాని పడవలు నా చిన్నతనం నుంచీ చూస్తున్నాను.

అందుకని రెండు ఊళ్లకీ వెళ్లి, జనంతో నిదానంగా మాట్లాడి, ఎవరి అవసరం ఎలాంటిదో రాసి ఇమ్మని సంఘంవారు ఆ మేష్టారిని పిలిపించారు. ఆయన అరవాయన. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు. ఆయన నోరు తెరిస్తే వాచకం చదువుతున్నట్టుండేది. తాడేపల్లిగూడెంలో రైల్వే ఉద్యోగం చేసే బంధువుల ఇంట్లో దిగారు. నేను ఏలూరు నుంచి పొద్దుటి బండికి వెళ్లి, స్టేషను ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో ఆయన్ని కలిశాను.

"తలలు లెక్కించుటకు నేను రాలేదు. ఆ పని జనాభా లెక్కలవారు చేయుదురు. ప్రజలు ఏమి తలచుచున్నారో వినుటకు వచ్చితిని," అన్నారు.

"వినడానికైతే మా జిల్లాకి రావడమే మంచిదండి. ఇక్కడ చెప్పేవాళ్లకి కరువు లేదు."

"అదియే నా చింత. అందరును చెప్పుదురు. అందరిని వినుటకు నాకు దినములు చాలవు. ఒక ఊరి సంగతి తెలియవలెనన్న ఎంతమందిని అడుగవలెను?"

నేను ఇడ్లీ నములుతున్నాను. ఆలోచించకుండానే అనేశాను: "దాందేముందండీ. నలుగుర్నీ అడిగితే అదే తెలుస్తుంది."

ఆయన మొహం వెలిగింది. జేబులోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి, పెన్సిలు మొన నాలిక్కి తడిపి, నాలుగు అంకె వేసి దాని చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

తెలుగువాడికి ఇక్కడ ఏం జరిగిందో విప్పి చెప్పక్కర్లేదు. నలుగుర్నీ అడగడమంటే ముగ్గురు చాలక, అయిదోవాడి దగ్గరికి పోకుండా ఆగిపోవడం కాదు. నాకు తెలుసు. ఆ అంకె చూశాను. చెబుదామనే ఇడ్లీ మింగాను. కాని ఆ ఏడు వానలకి నా కాలివేళ్ల సందులన్నీ ఒరిసిపోయి ఉన్నాయి. లంకలో ఒక కొస నుంచి ఇంకో కొసకి పోవాలంటే మోకాలిలోతు బురద. ఊరికి నలుగురే అయితే పొద్దున్న దిగి మధ్యాహ్నం పడవకి తిరిగొచ్చెయ్యొచ్చు. పైగా ఏలూరులో నా స్నేహితులకి చెప్పి నవ్వించడానికి ఇంతకంటే మంచి సరుకు దొరకదు. అన్నీ కలిసి నా నోరు మూసేశాయి.

"ఎవరెవరిని?" అని అడిగారాయన.

"అది నాకొదిలెయ్యండి," అన్నాను.

వదిలేశారు. అలసిపోయిన మనిషికి ఎంపిక వదిలేస్తే వాడు దేన్ని ఎంచుకుంటాడు? దగ్గరగా ఉన్నదాన్ని.

గట్టు మీది ఊళ్లో నేను వెతకాల్సిన పనే లేకపోయింది. మేం వస్తున్న సంగతి ముందే తెలిసి, నలుగురు పెద్దలు ఇస్త్రీ ఉత్తరీయాలతో కూర్చుని ఉన్నారు. "మా ఆడవాళ్లు నరకం చూస్తన్నారండి బాబూ," అని నలుగురూ కళ్లొత్తుకున్నారు. అక్కణ్ణించి ఏలూరు ఆసుపత్రికి ఎడ్లబండి పోతుంది, ఆ మాట ఎవరూ అనలేదు. వాళ్లు అనకపోవడం సరే, నేనూ అనలేదు.

మర్నాడు లంక. రేవులో దిగగానే ఎదురుగా కిరాణా కొట్టు, కొట్టుకి అరుగు. అరుగు మీద నలుగురు: ఊరి మునసబు, కొట్టాయన, మిషను బడి మేష్టారు, ఆ రేవులో పెద్ద పడవ ఆసామి. నాకు దేవుడు కనిపించినట్టయింది. కాలు తడవకుండా పని అయిపోతుంది.

"కాన్పులకి మీ ఊళ్లో ఏమైనా లోటు ఉన్నదా?" అన్నారు మా మద్రాసు అయ్యగారు.

"లోటేంటండీ!" అన్నాడు మునసబు. "మా మంత్రసాని ఉంది గదండీ. అది బంగారు చెయ్యండి."

"ఆయ్. నన్ను పుట్టించిందీ ఆవిడే, నా కొడుకుని పుట్టించిందీ ఆవిడే," అన్నాడు పడవ ఆసామి.

"పట్నం నర్సమ్మలు వచ్చి ఆవిడ దగ్గర నేర్చుకోవాలండి," అన్నాడు కొట్టాయన.

బడి మేష్టారు నెమ్మదస్తుడు. ఆయన భార్యకి అప్పుడు తొలిచూలు, ఏడో నెల. "ఆవిడుంటే మాకు ధైర్యమండీ," అన్నాడు.

నలుగురు, ఒకటే మాట. నేను గబగబా రాసుకున్నాను. అయ్యగారికి అనుమానమేమీ రాలేదు. నలుగురూ కలిసిన మాట మీద ఎవరికి అనుమానం వస్తుంది? మధ్యాహ్నం పడవకి గట్టుకి వచ్చేశాం. ఆ సాయంత్రమే అక్కడి పోస్టాఫీసులో కూర్చుని, తన అభిప్రాయం ముందుగా తెలియపరుస్తూ సంఘంవారికి ఉత్తరం రాసేశారు: లంకలో ఆవశ్యకత కానరాదు, గట్టు మీది ఊరిలో మిక్కిలి కలదు. ఆ ఉత్తరాన్ని డబ్బాలో వేసింది నేనే.

అంతటితో అయిపోయేది. కాని అయ్యగారు తన గొడుగు లంకలో అరుగు మీద మరిచిపోయారు. కాలేజీవారు బహుమానంగా ఇచ్చిన గొడుగట. తెల్లవారి మళ్లీ పడవెక్కి నేను ఒక్కణ్ణే వెళ్లాను, ఆ గొడుగునీ దాన్ని కనిపెట్టినవాణ్ణీ తిట్టుకుంటూ.

గొడుగు దొరికింది. తిరుగు పడవకి టైముంది. మంత్రసాని ఇల్లు రేవుకి నాలుగిళ్ల అవతల. నేను ఆవిణ్ణి మామ్మా అంటాను. లంకలో అందరూ అంతే. వాకిట్లో కూర్చుని కిక్కిస గడ్డితో చాప అల్లుతోంది. "మామ్మా, నిన్న అరుగు మీద నిన్ను ఎంత పొగిడారో తెలుసా? ఇంకాసేపుంటే ఊరేగించేసేవాళ్లు," అన్నాను.

"పొగడ్త సరే. కాస్త తరవాణి తాగుతావేంట్రా?"

లోపలికెళ్లి ముంత తెచ్చింది. నేను గ్లాసు పట్టుకున్నాను. ఆవిడ వంచింది. తరవాణి గ్లాసుకి జానెడు అవతల, నేల మీద పడుతోంది.

"మామ్మా, నేలకి దాహమేస్తోందా?" అన్నాను నవ్వుతూ.

ముంత ఆగింది. "నేలా?" అంది. "గ్లాసనుకున్నాను."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆవిడ ముంత పక్కన పెట్టి, చాప కొస వేళ్లతో వెతుక్కుని మళ్లీ కూర్చుంది. రెండేళ్లనుంచి కళ్లకి పొర కమ్ముతోందట. మొదట ఒక కన్ను, ఇప్పుడు రెండూ. ఎండలో మనిషి ఆకారం తెలుస్తుంది, ఇంట్లోకొస్తే అదీ లేదు. బొడ్డు కొయ్యడం, ముడెయ్యడం అంతా వేళ్ల ఆనవాలు మీదే.

"ఎవరికీ తెలీదా?"

"ఆడవాళ్లందరికీ తెలుసు. మగాళ్లకే తెలీదు. తెలిస్తే నన్ను మానిపించేస్తారు. మానిపిస్తే ఇంకెవరున్నార్రా? ఆ నర్సమ్మ వస్తుందంట, వస్తే ఆవిడ చేతిలో పెట్టేసి పక్కకి తప్పుకుందామని చూస్తున్నాను. ఆ బడి మేష్టారి పెళ్లానికి తొలికాన్పు. బిడ్డ అడ్డంగా ఉన్నట్టు తోస్తోంది నా చేతికి. నాకు భయంగా ఉందిరా. నా జన్మలో ఎప్పుడూ భయపడలేదు, ఇప్పుడు భయంగా ఉంది. ఎప్పుడొస్తుంది ఆ నర్సమ్మ?"

నేను గ్లాసు కింద పెట్టాను. ఏం చెప్పాలో తెలియక, నిజం చెప్పాను. నలుగుర్ని అడిగామనీ, నలుగురూ అక్కర్లేదన్నారనీ, ఉత్తరం కూడా వెళ్లిపోయిందనీ చెప్పాను.

ఆవిడ చాప అల్లడం ఆపింది. తరవాత అడిగింది, "ఆ నలుగురిలోనూ కన్నదెవర్రా?"

తిరుగు పడవలో నా మీద నేనే నాలుగైదు జోకులు వేసుకోవాలని చూశాను. ఒక్కటీ పేలలేదు. గట్టు మీద సత్రంలో అయ్యగారు కంబళి కప్పుకుని పడుకుని ఉన్నారు. కొల్లేటి తడిగాలి ఆయనకి చలిజ్వరం తెప్పించింది. గొడుగు ఆయన మంచానికి తగిలించి, జరిగినదంతా చెప్పాను. తాడేపల్లిగూడెం ఇడ్లీ దగ్గర మొదలుపెట్టి చెప్పాను.

ఆయన ఎర్ర అట్ట పుస్తకం తీసి ఆ అంకె కేసి చాలాసేపు చూశారు.

"నలుగురు అనగా నాలుగు కాదా?"

"కాదండి."

"అయినచో ఎందరు?"

"దానికి లెక్క లేదండి. నలుగురిలోకి వెళ్లడమంటే జనంలోకి వెళ్లడం. నలుగురూ నవ్వుతారంటే ఊరంతా నవ్వుతుందని."

"ఊరంతయునా? అందరునా?"

"అందరూ..." అని ఆగిపోయాను. పుట్టినప్పట్నుంచీ అంటున్న మాట మీద మొదటిసారి నాకే అనుమానం వచ్చింది. నలుగురూ అన్నప్పుడల్లా నా కళ్ల ముందు ఎవరు మెదులుతున్నారు? పంచెలే మెదులుతున్నాయి. ఒక్క చీర కూడా లేదు. ఆయన తప్పుగా అర్థం చేసుకోకుండా సరిగ్గానే అర్థం చేసుకున్నా, నేను నలుగురి బదులు నలభైమందిని చూపించినా, మామ్మ ఆ నలభైలోనూ ఉండేది కాదు.

ఆ మాటే చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడటానికి కూడా ఓపిక ఉండాలి గదా. "తప్పు నాదియును కలదు," అన్నారు. "నేను ఎందరు అని అడిగితిని. ఎవరు అని మొదట అడుగవలసినది."

"ఒకే అరుగు మీద కూర్చున్న నలుగురంటే ఒక్కడి కింద లెక్కండి," అన్నాను. "రోజూ పొద్దున్నే ఒకళ్ల మాట ఒకళ్లకి అంటించుకుంటారు. మనం ఒక్క మనిషినే నాలుగుసార్లు అడిగాం."

ఆయన లేచి కూర్చున్నారు. వణుకుతూనే కొత్త పేజీ తిప్పారు. "ఆ ఊరిలో ఎవరి మాట ఎవరి మాటకు ఎదురు వచ్చునో చెప్పుడు. వారిని వెదకుదము."

ఆ సాయంత్రమంతా అదే పని. నేను లంకలో ఇళ్లన్నీ గుర్తుచేసుకుంటూ చెప్పడం, ఆయన రాయడం. తొలికాన్పు కోసం ఎదురు చూస్తున్న మనిషి ఒకరు. ఎనిమిదిమందిని కన్నావిడ ఒకరు. బిడ్డని పోగొట్టుకున్నావిడ ఒకరు. ఏలూరు ఆసుపత్రికి వెళ్లి బిడ్డతో తిరిగొచ్చినావిడ ఒకరు. కోడలి కాన్పులో దగ్గరున్న అత్తగారు ఒకరు. ఊరి ఆ కొసన కిక్కిస దుబ్బుల మధ్య గుడిసెల్లో ఉండే వాళ్లలో ఒకరు. ఇంకా, మామ్మతో రెండేళ్లుగా మాటల్లేని ఆవిడ ఒకరున్నారు, ఆవిడ తప్పకుండా. ప్రతి ఒక్కరినీ చివర్న, ఇంకెవర్ని అడగమంటారమ్మా అని అడగాలి. వాళ్లు చెప్పినవాళ్ల దగ్గరికి వెళ్లాలి.

"ఎక్కడ ఆపాలండి మరి?" నా కాళ్లు నా చేత అడిగించాయి.

"కొత్త మాట వినబడుట ఆగువరకు. వరుసగా ఇద్దరు కొత్త మాట చెప్పనిచో చాలును."

నాలుగు అంకె ఎంత హాయిగా ఉండేదో అప్పుడు తెలిసింది.

అడగడానికి మేం పనికిరామని ఇద్దరికీ తెలుసు. కాన్పు సంగతి పరాయి మగవాడితో ఎవరు చెబుతారు? బడి మేష్టారి భార్య మిషను బోర్డింగులో చదువుకుంది. రాయడం వచ్చు. ఆవిడ దగ్గరికే వెళ్లాం.

"మా ఆయన చెప్పారు కదండీ, లోటేమీ లేదని," అందావిడ.

"చెప్పారమ్మా. అందుకే మళ్లీ వచ్చాం," అన్నాను.

ఆవిడ మొహంలోకి చిన్న నవ్వు వచ్చి పోయింది. "ఒక్క షరతండీ. వాళ్లు మాట్లాడేది మీకు వినపడకూడదు. నేను రాసిచ్చిందే మీరు చూడాలి."

అలా ఏడు నెలల గర్భిణి ముందు నడుస్తుంటే, ఆవిడ కూర్చోవడానికి పీట నెత్తిన పెట్టుకుని నేను బురదలో వెనక నడిచాను. నా చదువుకి తగిన ఉద్యోగం దొరికిందని లంకలో పిల్లలు వెక్కిరించారు. ప్రతి ఇంటి దగ్గరా పీట లోపల పెట్టి, నేను వెళ్లి ఏ గట్టు మీదో కూర్చునేవాణ్ణి. అయ్యగారు జ్వరంతో పడవలోనే. లోపల ఆడవాళ్లు గంటలకొద్దీ మాట్లాడేవారు. ఒక్కోసారి నవ్వులు వినపడేవి. ఒక్కోసారి చాలాసేపు ఏమీ వినపడేది కాదు.

ఆరుగురయ్యేసరికి చెప్పాల్సిందంతా వచ్చేసినట్టనిపించింది. మామ్మ కళ్ల సంగతి, వేళ్ల సంగతి, భయం. ఏడో ఆవిడా అదే చెప్పింది. ఇంకొక్కరు అదే చెబితే ఇంటికి పోవచ్చని నేను పీట దులుపుకున్నాను. ఎనిమిదో ఆవిడ కిక్కిస దుబ్బుల దగ్గర గుడిసెలో ఉంటుంది. ఆవిడ కొత్త మాట చెప్పింది. పడవలో ఏలూరు తీసుకెళ్లొచ్చు కదా అంటారు అరుగు మీదివాళ్లు, వానాకాలం పడవలన్నీ చేపల వేటకి పోతాయి, రేవులో ఒక్కటీ ఉండదు, నన్ను తాటిదోనెలో తీసుకెళ్లారు, కూర్చుంటే మునుగుతుంది, పడుకుంటే పట్టదు అంది. ఆ దోనెలోనే బిడ్డ పోయింది.

మళ్లీ మొదలు. తొమ్మిదో మనిషి మామ్మతో మాటల్లేని ఆవిడ. మామ్మ మీద నాలుగు నిందలు వేస్తుందనుకున్నాం. "ఆవిడంటే నాకేం కోపం లేదు. నాది నిలవని నోరు. మాట్లాడుతుంటే ఆవిడ కళ్ల సంగతి ఎక్కడ బయటికి అనేస్తానోనని మాటలు మానేశాను," అందట. పదో ఆవిడ, పదకొండో ఆవిడ కొత్తగా ఏమీ చెప్పలేదు. పీట దించేశాను. నా మెడ వారం రోజులు తిరగలేదు.

అయితే ఇప్పుడొక చిక్కు. పదకొండుమందీ చెప్పిన ముఖ్యమైన మాట కాగితం మీద పెడితే మగవాళ్లకి తెలిసిపోతుంది. మామ్మని మానిపిస్తారు. పెట్టకపోతే నర్సమ్మ రాదు. "ఈ నిర్ణయము మనది కాదు. ఆమెను అడిగి రండు," అన్నారు అయ్యగారు.

మామ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు. "రాయమను," అంది. "ఆ పిల్లకి నెలలు దగ్గరపడుతున్నాయి. నర్సమ్మ వచ్చిందాకా నన్ను రానిస్తే చాలు. తరవాత నన్నెవరు పిలవకపోయినా సరే."

రాశాం.

ఏలూరులో సంఘంవారి సమావేశం ఒక మేడలో జరిగింది. నేను వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాను. అయ్యగారు పదకొండుమంది మాటలూ నిదానంగా చదివారు. కార్యదర్శిగారు చల్లగా విని, ముందున్న కాగితాల్లోంచి ఒక ఉత్తరం బయటికి తీశారు. నేను డబ్బాలో వేసిన ఉత్తరం.

"లంకలో అక్కర్లేదని నలుగురూ అన్నట్టు మీరే రాశారు కదండీ?"

"వారు అడుగవలసినవారు కారు."

"మరి గట్టు మీద నలుగురు?"

అయ్యగారికి అబద్ధం చెప్పడం పుస్తకంలో నేర్పలేదు. "వారును కారు," అన్నారు.

ఎవరో నవ్వారు. ఇంకో పెద్దమనిషి అందుకున్నారు. "పదకొండుమంది ఆడవాళ్లంటున్నారు. లంకలో ఆడవాళ్లు అంతేనా? మిగతావాళ్లని అడగలేదేం?"

"కొత్త మాట ఆగిపోయినది గనుక."

"పన్నెండో ఆవిడ కొత్త మాట చెప్పదని మీకెలా తెలుసండీ?"

దానికి జవాబు ఆయన దగ్గర లేదు. ఎవరి దగ్గరా ఉండదని ఇప్పుడు తెలుసు. ఆగిపోయిన చోటు నుంచి చూస్తే ఇంకా మిగిలినవాళ్లు ఎప్పుడూ కనపడుతూనే ఉంటారు. కాని నలుగురిని అడిగి ఊరుకున్నప్పుడు ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. అందరూ ఒకే మాటంటే చాలనిపిస్తుంది, తలో మాట అంటే ఎంతమందైనా చాలరనిపిస్తుంది. ఆ గుమ్మం దగ్గర నిలబడి, ముందుకెళ్లి, ఆ మొదటి నలుగుర్నీ ఎంచింది నేనండీ, బద్ధకం వల్ల ఎంచానండీ అని చెబుదామనుకున్నాను. కాలు కదలలేదు.

నర్సమ్మని గట్టు మీది ఊళ్లో పెట్టారు. వాన లేకపోతే ప్రతి మంగళవారం పడవ మీద లంకకి వచ్చి చూసి వెళుతుంది. అదీ తీర్మానం. అయ్యగారు మద్రాసు బండి ఎక్కే ముందు నా చేయి పట్టుకుని ఏదో చెప్పబోయి, దగ్గు వచ్చి, గొడుగు సర్దుకుని ఎక్కేశారు.

కాగితంలో మామ్మ కళ్ల సంగతి ఉంది గనక అది లంకకి మాకంటే ముందే చేరింది. ఇక ఆవిణ్ణి పిలవొద్దని మునసబు అరుగు మీద కూర్చుని చెప్పాడు. అందరూ అవునన్నారు. బడి మేష్టారూ అవునన్నాడు. నెలలు నిండేసరికి ఆయన భార్యకి నొప్పులొచ్చాయి. శుక్రవారం మధ్యాహ్నం. రేవులో ఒక్క పడవ లేదు. ఆ నెమ్మదైన మేష్టారు అరుగు ముందు నుంచే పరిగెత్తుకెళ్లి, మామ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడట. మామ్మ ఆయన భుజం మీద చెయ్యేసుకుని వచ్చింది. అడ్డం తిరిగిన బిడ్డని వేళ్లతో సర్దుతూ, పొద్దుగుంకే వేళకి ఆడపిల్లని బయటికి తీసింది. తల్లీ బిడ్డా బతికారు.

మంగళవారం నర్సమ్మతోపాటు నేనూ పడవలో వెళ్లాను. ఆవిడ పిల్లని అటూ ఇటూ తిప్పి చూసి, బొడ్డు చూసి, "ఎవరు చేశారండీ ఇది? చాలా బాగా చేశారు," అంది. బడి మేష్టారు పిల్లని అందుకుని లోపలికి తీసుకెళ్లిపోయాడు.

మామ్మ తన వాకిట్లో కిక్కిస చాప మీద పడుకుని ఉంది. నాలుగు రోజులకే పదేళ్ల ముసలితనం వచ్చినట్టుంది. వేళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. ఇక ఆవిడ తప్పుకోవడం లేదని, తప్పుకోనివ్వరని నాకు అర్థమైంది. మంగళవారం తప్ప మిగతా ఆరు రోజులూ ఆవిడవే. పక్కన కూర్చున్నాను. ఏదో ఒక హాస్యం ఆడదామనుకున్నాను గాని వేరే మాట వచ్చింది.

"నాదే తప్పు మామ్మా. ఆ రోజు ఆయన అంకె వేసుకుంటుంటే, అది కాదండీ అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. నోరు మూసుకున్నాను."

మామ్మ కళ్లు తెరవకుండానే అంది:

"నాకు కొత్తేంట్రా? నువ్వు పుట్టినప్పుడే చూశాను. ఏడవాల్సిన టైముకి నోరు మూసుకుని పడున్నావు. రెండు దెబ్బలేస్తే గాని తెరవలేదు. అప్పట్నించీ మూసిన పాపాన పోలేదు గాని, తెరవాల్సినప్పుడు మాత్రం నీకింకా ఎవరో ఒకళ్లు వీపు మీద కొట్టాలి."